వాన లేని చోట మళ్లీ చూద్దాం!

'ఏమయ్యా, ఇద్దరూ తిరుపతి వెళ్లొచ్చారుగా... లడ్డూలేవీ?'

2003 ఏప్రిల్ 7, సోమవారం. సికింద్రాబాద్‌లోని ఓ బ్యాంకు శాఖ. మేనేజరుగారి ప్రశ్నకు క్యాషియరూ, పక్క కౌంటరు క్లర్కూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్లర్కు తేరుకుని మైసూర్‌పాక్ పొట్లం బల్లమీద పెట్టాడు. మేనేజరు పొట్లం వంకా, వాళ్ల తలల వంకా మార్చిమార్చి చూశాడు. 'లడ్డూ లేకపోతే పోనీ, గుండ్లు కూడా లేవేం?' అన్నాడు. బ్యాంకంతా ఒకటే నవ్వులు.

వాళ్లు వెళ్లింది కొండకు కాదు, బెంగళూరుకి. మార్చి క్లోజింగ్ పనులు తెమిలాయో లేదో, మొక్కు ఉందని అబద్ధం చెప్పి సెలవు పెట్టారు. గురువారం రాత్రి కాచిగూడలో రైలెక్కారు. శుక్రవారం, ఏప్రిల్ 4 సాయంత్రానికి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వేల మంది కుర్రాళ్ల మధ్య నిలబడ్డారు. ఇద్దరికీ నలభై నాలుగేళ్లు. ఎదురుగా వేదిక మీదికి రాబోతున్నవాళ్లు వీళ్లకన్నా పదిహేనేళ్లు పెద్దవాళ్లు... రోలింగ్ స్టోన్స్! 1962లో లండన్‌లో పుట్టిన ఆ రాక్ బృందం భారతదేశంలో కచేరీ చేయడం అదే మొదటిసారి.

ఆ రోజు వాన దంచికొట్టింది. మైదానం బురదమయం. క్యాషియర్ చెప్పులు ఒకటి బురదలోనే ఉండిపోయింది. చొక్కా జేబులోని టికెట్ ముక్కలు తడిసి సిరా కారింది. అప్పుడే క్లర్కు చెవి దగ్గరికొచ్చి అరిచాడు... 'ఒరేయ్, వీళ్లు మళ్లీ వస్తే మళ్లీ చూద్దాంరా. ఈసారి వాన లేని చోట!'

'సరే' అన్నాడు క్యాషియర్. ఆ మాట ఎంత బరువైనదో అప్పుడు తెలీదు.

లాలాగూడ పాఠాలు

ఓ తెలుగు బ్యాంకు ఉద్యోగికి ఇంగ్లండు రాక్ సంగీతం ఎలా అబ్బింది? ఆ కథ తెలియాలంటే పాత సికింద్రాబాద్‌కు వెళ్లాలి. లాలాగూడ, మెట్టుగూడ ప్రాంతాల్లో రైల్వేలో పనిచేసే ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఎక్కువగా ఉండేవి. గిటారు, డ్రమ్స్, శనివారం డ్యాన్సులు వాళ్ల ఇళ్లలో మామూలు. క్లర్కు పెరిగింది ఆ వీధుల్లోనే. పక్కింటాయన దగ్గరే డ్రమ్స్ వాయించడం నేర్చుకున్నాడు. కాలేజీలో పరిచయమైన క్యాషియర్‌కు ఆ ఇంట్లోనే మొదటిసారి రోలింగ్ స్టోన్స్ రికార్డు వినిపించాడు.

అప్పట్లో కావాల్సిన పాట దొరకడమే గగనం. ఖాళీ క్యాసెట్టు కొని, దుకాణంలో పాటల చిట్టా ఇచ్చి, వారం ఆగితే రికార్డు చేసిచ్చేవాళ్లు. అరవై నిమిషాల క్యాసెట్టులో చివరి పాట సగంలో తెగిపోయేది. 'ఆ తెగిన పాట మిగతా సగం నేను బెంగళూరులోనే విన్నాను' అంటారు క్యాషియరుగారు ఇప్పటికీ.

అందరూ గాయకుడు మిక్ జాగర్ గంతులు చూస్తే, క్లర్కు చూపు మాత్రం వెనకాల కూర్చున్న డ్రమ్మర్ చార్లీ వాట్స్ మీదే. పెద్దగా నవ్వడు, ఒళ్లు విరుచుకోడు. చిన్న డ్రమ్స్ సెట్టు ముందు ఆఫీసులో ఫైళ్లు చూసుకుంటున్నట్టు కూర్చుంటాడు. స్నేర్ డ్రమ్ము మీద దెబ్బ వేసేటప్పుడు కుడిచేత్తో తాళాల మీద కొట్టకుండా లిప్తపాటు పైకి లేపుతాడు. ఆ చిన్న ఖాళీలోనే స్టోన్స్ పాటకు ఊపు వస్తుంది. 'వాడు కొట్టింది కాదురా, కొట్టకుండా వదిలేసింది విను' అనేవాడు క్లర్కు. నోట్ల కట్టలు లెక్కపెట్టేటప్పుడు కూడా అతని వేళ్లు బల్ల మీద అదే తాళం వేసేవి. లెక్క మాత్రం ఏనాడూ తప్పలేదు.

డాబా మీద కచేరీ

బెంగళూరు నుంచి వచ్చాక ఓ ఆనవాయితీ మొదలైంది. ఏటా ఏప్రిల్ మొదటి ఆదివారం సాయంత్రం క్లర్కు ఇంటి డాబా మీద చేరడం, మిర్చిబజ్జీలు తింటూ ఆ వాన సాయంత్రాన్ని మళ్లీ తవ్వుకోవడం. మొదట ఇద్దరే. తర్వాత ఒకరి ద్వారా ఒకరు కలిశారు. కాలనీ కుర్రాళ్లూ, వాళ్ల స్నేహితులూ వచ్చి చేరారు. నియమం ఒక్కటే... ఫోన్లో వీడియో చూపించకూడదు. చూసింది నోటితో చెప్పాలి!

ఆ డాబా మీద ఎక్కువసార్లు చెప్పించుకునే కథ ఓ లెక్చరర్‌ది. 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ బృందం బెంగళూరు వచ్చింది. ఆయనప్పుడు విశాఖపట్నంలో ఇంజినీరింగ్ విద్యార్థి. సెమిస్టర్ ఫీజు కట్టాలని ఇంట్లోంచి తెచ్చిన డబ్బులో కొంత టికెట్‌కు పోయింది. వెళ్లేటప్పుడు రైల్లో నిలబడి, వచ్చేటప్పుడు బోగీ తలుపు దగ్గర కూర్చుని ప్రయాణం. మైదానంలో ఈశాన్య రాష్ట్రాల నుంచి రోజుల తరబడి రైళ్లలో వచ్చిన కుర్రాళ్లు కలిశారు. ఒకరి భాష ఒకరికి రాదు. కానీ పాటలన్నీ అందరికీ కంఠతా వచ్చు. 'ఆ రోజు నా పక్కన నిలబడ్డవాడి పేరు కూడా అడగలేదు. పాట అయ్యాక ఇద్దరం కావలించుకుని ఏడ్చాం' అంటారు. ఆ మరుసటి ఏడాది, 2008 ఫిబ్రవరి 1న ఐరన్ మెయిడెన్ తన ప్రపంచయాత్రను ముంబై నుంచే ప్రారంభించింది. బృందాన్నీ సామగ్రినీ మోసుకొచ్చిన బోయింగ్ 757 విమానానికి గాయకుడు బ్రూస్ డికిన్సనే పైలట్!

మరి ఫీజు సంగతి? రెండు నెలలు చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పి కట్టాడు. 'నేను పాఠం చెప్పగలనని నాకు తెలిసింది అప్పుడే' అని ముక్తాయిస్తారు. ఏటా విన్నా అక్కడ అందరూ చప్పట్లు కొట్టాల్సిందే.

అన్నీ తీపి జ్ఞాపకాలే కావు. విజయవాడ నుంచి ఓ కుర్రాడు 2011లో మెటాలికాను చూడటానికి ఢిల్లీ దాకా వెళ్లాడు. అక్టోబర్ 28న గుర్‌గావ్‌లో జరగాల్సిన కచేరీ అది. ముందువరసలో ఆపడానికి పెట్టిన కంచె విరిగింది. గంటల తరబడి నిలబెట్టి, వాయిదా అన్నారు. జనం కోపం పట్టలేక వేదిక మీదికెక్కి సామాన్లు విరగ్గొట్టారు. చివరికి కచేరీయే రద్దయింది. రెండు రోజుల తర్వాత అదే బృందం బెంగళూరులో వాయించింది. కానీ ఇతని దగ్గర బెంగళూరు వెళ్లడానికి డబ్బుల్లేవు. 'నా అనుభవం ఏమిటంటే... దుమ్ము, తోపులాట, తిరుగు రైలు' అంటాడు. అయినా ఆ టికెట్ పారేయలేదు. అందుకే అతనికి డాబా మీద ముందువరసలో కుర్చీ.

'తద్దినమే కదే ఇది!'

కథలన్నింట్లోకీ డాబాను నిశ్శబ్దం చేసింది మాత్రం ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చెప్పింది.

2007 ఫిబ్రవరి 18. పింక్ ఫ్లాయిడ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రోజర్ వాటర్స్ ముంబైలో పాడుతున్నారు. ఆమెకు హైటెక్ సిటీలో కొత్తగా ఉద్యోగం. అర్ధరాత్రి దాకా మైదానంలో ఏం పనంటూ నాన్న ససేమిరా అన్నారు. అమ్మ మధ్యే మార్గం కనిపెట్టింది. 'నేనూ వస్తా, పద' అంది. బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లోని మైదానం గేటు దగ్గర అమ్మ పులిహోర డబ్బాను భద్రతా సిబ్బంది లోపలికి రానివ్వలేదు. దాంతో ఆమెకు సగం కోపం. లోపలికెళ్లాక చెవులు చిల్లులు పడే శబ్దం. దాంతో మిగతా సగం!

ఇంతలో వెనకాల పెద్ద తెరమీద ఓ అందమైన కుర్రాడి పాత ఫొటోలు వచ్చాయి. 'ఎవరే ఆ అబ్బాయి?' అనడిగింది అమ్మ. కూతురు చెప్పింది... అతని పేరు సిడ్ బారెట్. ఈ బృందాన్ని మొదట నడిపించింది అతనే. మనసు చెదిరి 1968లో బృందానికి దూరమయ్యాడు. దాదాపు ముప్ఫై ఏళ్లకు పైగా జనానికి కనపడకుండా బతికాడు. కిందటేడు జులైలోనే పోయాడు. ఇప్పుడు పాడుతున్నాయన చిన్ననాటి స్నేహితుడు. ఆ పాట అతని గురించే.

అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంటూ అంది... 'అయితే స్నేహితుడికి తద్దినం పెడుతున్నాడన్నమాట. ముందే చెప్పొచ్చుగా, గొడవ చేయకుండా వినేదాన్ని.'

ఇంగ్లిషు ముక్క రాని ఆ తల్లికి అర్థమైనంతగా ఆ పాట ఇంకెవరికి అర్థమై ఉంటుంది!

గొంతు పోయాక ఎందుకు?

డాబా మీద ఏటా తప్పకుండా వచ్చే వాదన ఒకటుంది. డెబ్భై దాటినవాళ్ల పాట వినడానికి అంత డబ్బూ, అంత దూరమూ అవసరమా? ఇంట్లో రికార్డు పెట్టుకుంటే ఇరవై అయిదేళ్లనాటి గొంతే హాయిగా వినొచ్చు కదా!

నిజమే. వయసు గొంతును వదలదు. చాలా బృందాలు ఇప్పుడు శ్రుతి తగ్గించుకుని పాడుతున్నాయి. డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిలాన్‌కు 1970లో పేరు తెచ్చిన పాట 'చైల్డ్ ఇన్ టైమ్'. అందులో ఆయన గొంతు ఆకాశాన్నంటుతుంది. అంత స్థాయి ఇక అందదని, ఆ పాటను కచేరీల్లోంచి ఎప్పుడో తీసేశారు. దానికి అభిమానులెవరూ ఆయన్ని తిట్టుకోరు.

ఈ వాదన వచ్చినప్పుడల్లా క్యాషియరుగారు వాళ్ల నాన్నను తలచుకుంటారు. ఆయనది తెనాలి దగ్గర పల్లె. కొడుకు క్యాసెట్టు పెడితే 'ఏమిట్రా ఆ అరుపులు' అని విసుక్కునే మనిషి. కానీ చుట్టుపక్కల ఎక్కడ 'పాండవోద్యోగ విజయాలు' ఆడినా అర్ధరాత్రి వరకు చాప మీద కూర్చునేవారు. పీసపాటివారి కృష్ణుణ్ణీ, షణ్ముఖివారి పద్యాన్నీ చూశానని చెప్పుకోవడం ఆయనకు ఆస్తి పత్రం లాంటిది. ఓసారి ఊళ్లో ఓ పెద్ద వయసు నటుడు రాగం మధ్యలో ఊపిరి అందక ఆగిపోయాడట. ఎవరూ ఈల వేయలేదు. చాపల మీద కూర్చున్న జనమే ఆ పద్యాన్ని అందుకుని పూర్తిచేశారు. తర్వాత 'వన్స్‌మోర్' అని కూడా వాళ్లే అరిచారు!

'రాక్ కచేరీలో జరిగేదీ అదే. ఆయన పాడలేని చోట మైదానం పాడుతుంది. నాన్న బతికుంటే ఒక్కసారి తీసుకెళ్లేవాణ్ని. అరుపులని అనేవారు కాదు' అంటారాయన.

చెవుల విషయంలో మాత్రం ఆ పెద్దలు కుర్రాళ్లకు గట్టిగానే చెబుతారు. బెంగళూరు కచేరీ తర్వాత రెండు రోజులు క్యాషియరుగారి చెవుల్లో కీచురాయి అరిచినట్టే ఉంది. ఏసీ/డీసీ గాయకుడు బ్రియాన్ జాన్సన్ వినికిడి దెబ్బతిని 2016లో పర్యటన మధ్యలోనే తప్పుకోవాల్సి వచ్చింది. స్పీకర్లకు దూరంగా నిలబడటం, చెవుల్లో ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోవడం, మధ్యమధ్యలో కాసేపు బయటికి రావడం... ఈ మూడూ పాటిస్తామని మాటిస్తేనే డాబా సభ్యత్వం.

కూర్చుని చెప్పిన వీడ్కోలు

బర్మింగ్‌హామ్‌లో స్థిరపడిన ఓ తెలుగు డాక్టరు ఫోన్లో ఈ సభకు హాజరవుతారు. ఆయన చెప్పిన కథ 2025 జులై 5 నాటిది.

బ్లాక్ సబ్బాత్ ఆ ఊరి బృందమే. గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో రేకుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేతి రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని మళ్లీ గిటారు పట్టాడు. హెవీ మెటల్ అనే బరువైన ధ్వని పుట్టడానికి ఆ తొడుగుల వేళ్లూ ఓ కారణం. ఆ బృంద గాయకుడు ఓజీ ఆస్‌బర్న్‌కు పార్కిన్సన్స్ వ్యాధి ఉందని 2020లో లోకానికి తెలిసింది. చివరిసారి సొంత ఊళ్లో పాడి విరమిస్తానన్నాడు. తను పెరిగిన ఆస్టన్ వీధులకు కూతవేటు దూరంలోని విల్లా పార్క్ ఫుట్‌బాల్ మైదానంలోనే కచేరీ. ఇరవై ఏళ్ల తర్వాత మొదటినాటి నలుగురూ ఒకే వేదిక ఎక్కారు.

నిలబడే శక్తి లేని ఓజీ నల్లటి సింహాసనం మీద కూర్చునే పాడాడు. 'నేను రోజూ ఈ జబ్బువాళ్లను చూసే డాక్టర్ని. ఆ చేతుల వణుకు చూడగానే ఎంత కష్టపడుతున్నాడో తెలిసిపోయింది. ఈ జబ్బులో గొంతు కూడా బలహీనపడుతుంది. లేవాలని అతను ప్రయత్నించినప్పుడల్లా నా కాళ్లు బిగుసుకుపోయాయి. నా జీవితంలో ఒక రోగి కోసం అంత గట్టిగా అరిచింది అప్పుడే' అన్నారు డాక్టరు. కచేరీ లాభాలు పార్కిన్సన్స్ సేవాసంస్థకూ, పిల్లల ఆసుపత్రికీ, పిల్లల సంరక్షణ కేంద్రానికీ వెళ్లాయి. సరిగ్గా పదిహేడు రోజులకు, జులై 22న డెబ్భై ఆరేళ్ల ఓజీ కన్నుమూశాడు.

'పాట కోసమైతే రికార్డు చాలు. నేను వెళ్లింది వీడ్కోలు చెప్పడానికి. ఆ అవకాశం ఎంతమందికి దొరుకుతుంది?' అన్నారాయన.

ఆ మాటకు డాబా మీద క్యాషియరుగారు తల దించుకున్నారు. ఆయనకు దొరకలేదు మరి.

ఖాళీ కుర్చీ

2021 మే. కరోనా రెండో అల. క్లర్కు ఆసుపత్రిలో చేరిన అయిదో రోజే వెళ్లిపోయాడు. చూడ్డానికి ఎవర్నీ రానివ్వలేదు. అంతిమయాత్రలోనూ ఇంటివాళ్లు నలుగురే. నలభై అయిదేళ్ల స్నేహం ఫోన్లో ఓ మెసేజీతో ముగిసిపోయింది. అదే ఏడాది ఆగస్టు 24న లండన్‌లో చార్లీ వాట్స్ కూడా పోయాడు. ఆ వార్త టీవీలో చూసి క్యాషియరుగారు అలవాటుగా స్నేహితుడి నంబరు నొక్కారు. 'ఈ నంబరు అందుబాటులో లేదు' అన్నాక గానీ తేరుకోలేదు. ఆ రోజు నుంచీ ఇంట్లో రోలింగ్ స్టోన్స్ పాట వినపడలేదు.

2024లో భార్యతో కలిసి హూస్టన్‌లో కొడుకు ఇంటికి వెళ్లారు. ఏప్రిల్ 28న అక్కడే రోలింగ్ స్టోన్స్ కొత్త పర్యటన మొదలవుతోంది. జాగర్‌కూ, కీత్ రిచర్డ్స్‌కూ అప్పటికి ఎనభై ఏళ్లు. ఆ పర్యటనను సమర్పించింది యాభై దాటినవాళ్ల సంక్షేమం చూసే అమెరికా సంస్థ ఏఏఆర్‌పీ! కొడుకు సంబరంగా టికెట్లు కొనుక్కొచ్చాడు.

'నేను రానురా' అన్నారు తండ్రి.

'అదేంటి నాన్నా! మీ కోసమే కదా కొన్నది.'

'వాడు లేడు. అక్కడ చార్లీ లేడు. ఎవర్ని చూడటానికి రమ్మంటావు?'

కొడుక్కేం చెప్పాలో తోచలేదు. వంటింట్లోంచి భార్య వచ్చింది. ముప్ఫై అయిదేళ్లలో ఆ పాటల జోలికి రాని మనిషి. 'ఏవండీ, అన్నయ్యగారు వాన లేని చోట చూద్దామన్నారని మీరే వందసార్లు చెప్పారు. ఆ స్టేడియానికి పైకప్పు ఉందట. అబ్బాయి చెప్పాడు' అంది. ఆపైన పెట్టెలోంచి చిన్న కవరు తీసి చేతిలో పెట్టింది. అందులో సిరా కారిన పాత టికెట్ ముక్క. బయల్దేరే ముందు క్లర్కు భార్య ఇచ్చిందట. ఆయన పర్సులో ఇన్నేళ్లూ అదే ఉందట.

ఇక కాదనలేకపోయారు.

ఆ రాత్రి ఎన్ఆర్‌జీ స్టేడియంలో వేల మంది. అటూ ఇటూ భార్యా కొడుకూ. డ్రమ్స్ దగ్గర కూర్చున్నది స్టీవ్ జోర్డాన్. బాగానే వాయించాడు. కానీ క్యాషియరుగారు వింటున్నది అతను కొట్టిన దెబ్బల్ని కాదు, వాటి మధ్య ఖాళీల్ని. మూడో పాటకో నాలుగో పాటకో ఆయన వేళ్లు ముందు కుర్చీ వీపు మీద తాళం వేయడం మొదలుపెట్టాయి. భార్య చూసింది. ఏమీ అనలేదు. కాసేపటికి ఆమె చెయ్యి కూడా ఆ కుర్చీ మీదికి వచ్చింది. తాళం తప్పింది. ఆయన నవ్వారు. మూడేళ్ల తర్వాత ఆ పాటలు వింటూ నవ్వడం అదే.

వచ్చేటప్పుడు గుర్తుగా టికెట్ ముక్క అడిగితే 'అంతా ఫోన్లోనే నాన్నా, కాగితం ఉండదు' అన్నాడు కొడుకు. దాంతో పాత ముక్క వెనకే పెన్నుతో రాసుకున్నారు... '28-4-2024, హూస్టన్.'

హైదరాబాద్ తిరిగొచ్చిన మర్నాడే ఆ కవరు పట్టుకుని స్నేహితుడి ఇంటికి వెళ్లారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని ముందు ముందువైపు చూసింది. తర్వాత వెనక్కి తిప్పింది. రాసింది రెండుసార్లు చదువుకుంది.

'ఈసారి వాన పడలేదా అన్నయ్యా?' అనడిగింది.

'లేదమ్మా, పైకప్పు ఉంది' అన్నారాయన.